మెడీవల్ 2 టోటల్ వార్: మాడ్ వేస్తే క్రాష్ అవుతోందని వదిలేయకండి

ముందే చెప్పేస్తున్నాను. చరిత్ర అంటే ఇష్టం, కాస్త ఓపిక కూడా ఉంది అనుకునేవాళ్లు మెడీవల్ 2 టోటల్ వార్ ఇప్పటికీ నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. మధ్యయుగపు రాజ్యాన్ని నడుపుతూ యుద్ధాలు చేసే ఈ కంప్యూటర్ ఆటను క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసింది, 2006 నవంబర్‌లో వచ్చింది. మరుసటి ఏడాది కింగ్‌డమ్స్ అనే ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) వచ్చింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఇప్పుడు రెండూ కలిపి డెఫినిటివ్ ఎడిషన్‌గా అమ్ముతున్నారు, సేల్ పెట్టినప్పుడు బాగా తగ్గుతుంది. మాడ్‌లు, అంటే అభిమానులు ఆటకు చేసి పంచే మార్పులు, లేకుండా ఉన్నదున్నట్టు ఆడితే నా లాప్‌టాప్‌లో ఎక్కడా ఆగలేదు. ఈ రివ్యూ మాడ్‌లతో ఆడదామనుకునేవాళ్ల కోసం. అందులోనూ ఆట మధ్యలో అంతా మాయమై, 'అన్‌స్పెసిఫైడ్ ఎర్రర్' అని ఒక చిన్న డబ్బా మిగిలితే దాన్ని చూసి చూసి విసిగిపోయినవాళ్ల కోసం.

మాడ్ ఎందుకు, ఉన్న ఆట చాలదా అంటే, నాకు చాలలేదు. అసలు ఆట 1080లో మొదలై 1530లో ముగుస్తుంది. ఒక్కో టర్న్‌కి (వంతుకి) రెండేళ్లు గడుస్తాయి. కానీ రాజుల వయసు మాత్రం టర్న్‌కి ఆరు నెలలే పెరుగుతుంది. ఒకే రాజు వందేళ్లకు పైగా సింహాసనం మీద కూర్చుంటే చరిత్ర చదివినవాళ్లకు మనసొప్పదు. పెద్ద మాడ్‌లు దీన్ని సరిచేస్తాయి. రాజ్యాల పేర్లు, సరిహద్దులు, జెండాలు, సైనికుల కవచాలు అన్నీ ఆ కాలానికి తగ్గట్టు మారుస్తాయి. ఆటను లోపల నడిపే ఇంజిన్ 31 రాజ్యాల వరకు, దాదాపు 200 ప్రాంతాల వరకు మాత్రమే ఒప్పుకుంటుంది. మాడ్ చేసేవాళ్లు ఆ అంచుదాకా వాడేస్తారు. ఇంత పని చేసి డబ్బు తీసుకోకుండా పంచుతున్నారంటే వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

నేను ఎక్కువగా ఆడేది బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంతో. 1071లో మాంజికర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కుల చేతిలో ఓడిపోయి, అనటోలియా చేజారిపోతూ, ఖజానా ఖాళీ అయి, చుట్టూ శత్రువులే ఉన్న రాజ్యం. దాన్ని నిలబెట్టడంలో ఉన్న తృప్తి ఇంగ్లండ్‌తోనో ఫ్రాన్స్‌తోనో ఆడితే నాకు రాలేదు. నేను వాడే మాడ్‌లో దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని ప్రత్యేకంగా కట్టారు. 5వ శతాబ్దంలో కట్టిన థియోడోసియస్ గోడలు, వాటి ముందు కందకం, వెనక ఇంకో ఎత్తైన గోడ, అన్నీ ఉంటాయి. 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యం సముద్రం వైపు గోడల మీదుగా నగరంలోకి దిగింది. 1453లో ఆటోమన్ సుల్తాన్ రెండో మెహ్మెద్ భూమి వైపు గోడలనే పెద్ద ఫిరంగులతో కొట్టించాడు. ఈ రెండు ముట్టడులూ పుస్తకాల్లో చదివి, అదే గోడ మీద నా సైనికుల్ని నిలబెట్టుకుని చూస్తే ఒళ్లు జలదరించింది.

సరిగ్గా అక్కడే క్రాష్.

క్రాష్ అంటే అన్నీ ఒకటే అనుకుంటే మాత్రం ఎప్పటికీ తేలదు. నేను ఖమ్మంలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే తేడా ఒక ఎంట్రీ వల్ల వచ్చిందా, రెండు కలిసి వచ్చిందా అని ముందు విడదీస్తాం. ఇక్కడా అదే చేయాలి. నాకు వస్తున్నవి రెండు వేర్వేరు క్రాష్‌లు. ఒకటి ఎప్పుడొస్తుందో తెలియదు. చాలాసేపు ఆడాక, పెద్ద ముట్టడి మధ్యలో వస్తుంది. మళ్లీ లోడ్ చేసి అదే యుద్ధం ఆడితే ఒక్కోసారి పూర్తవుతుంది కూడా. రెండోది మొండిది. ఒక ఫలానా సైన్యంతో యుద్ధానికి దిగితే చాలు, లోడింగ్ గీత సగానికి కూడా రాకుండానే పడిపోతుంది, ప్రతిసారీ.

మొదటిది చూద్దాం. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని ఆడాను. మాడ్ నడిచేది కింగ్‌డమ్స్ డాట్ ఈఎక్స్‌ఈ (ఆటను తెరిచే ప్రోగ్రామ్ ఫైల్) మీద, కాబట్టి ఆ వరుసనే గమనించాలి. మ్యాప్ మీద ఉన్నంతసేపు మెమరీ ఒక జీబీకి అటూ ఇటూ ఉంది. యుద్ధం లోడ్ అయ్యేసరికి 1.5 జీబీ. కాన్‌స్టాంటినోపుల్ గోడల దగ్గరికి రెండో సైన్యం సాయానికి వచ్చాక 1.7. కెమెరా తిప్పి నగరం మొత్తం చూపించగానే 1.8 దాటింది, వరుస మాయం, ఆట మాయం. ఇంకో రాత్రి కూడా దాదాపు అదే అంకె దగ్గర. రెండు జీబీకి కాస్త ముందు.

నా లాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. అందులో సగం ఖాళీగానే ఉంది. మా బావమరిది వచ్చి చూసి, "బావా, ర్యామ్ పదహారు చేయించు, దెబ్బకి సెట్ అయిపోతుంది" అన్నాడు. మా ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపులో అడిగినా అదే మాట చెప్పి, రేటు కూడా చెప్పారు. దయచేసి ఈ ఆట కోసం ర్యామ్ కొనకండి. 8 ఉన్నా, 16 ఉన్నా, 32 ఉన్నా ఈ క్రాష్ అక్కడే వస్తుంది. ఎందుకో చెప్తాను, ఇది తెలిస్తే ఆ కాలం నాటి ఆటలన్నింటికీ పనికొస్తుంది.

ఇది 32 బిట్ ప్రోగ్రామ్. 32 బిట్ చిరునామాలతో మొత్తం 4 జీబీ మెమరీని మాత్రమే గుర్తించగలం. విండోస్ అందులో సగం తనకోసం ఉంచుకుని, మిగతా 2 జీబీనే ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. అదీ ఒకే ముక్కగా ఉండదు, వాడేకొద్దీ ముక్కలు ముక్కలవుతుంది. పెద్ద టెక్స్చర్‌కి (ఆకారాల మీద అతికించే రంగుల బొమ్మకి) ఒకేచోట ఖాళీ దొరకకపోతే 2 జీబీ నిండకముందే ఆట చేతులెత్తేస్తుంది. 1.8 దగ్గర పడిపోవడానికి కారణం అదే. కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ ఉందన్నది కాదు, ఈ ప్రోగ్రామ్ ఎంత అడగగలదన్నదే లెక్క. తయారుచేసినవాళ్లను అనడానికి కూడా లేదు. ఆట డబ్బా మీద రాసిన కనీస అవసరం 512 ఎంబీ ర్యామ్. 2 జీబీ చాలని రోజు వస్తుందని 2006లో ఎవరు అనుకుంటారు? పైగా ఈ ఆట గొప్పతనమే మెమరీని తింటుంది. దీనికి ముందు వచ్చిన రోమ్ టోటల్ వార్‌లో ఒక దళంలోని సైనికులందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవారు. ఇందులో ఒకరి డాలు ఇంకొకరి డాలులా ఉండదు. ముఖాలు, శిరస్త్రాణాలు, కాళ్లకు కట్టుకున్న పట్టీలు కూడా వేరే. మాడ్‌లు దీన్ని ఇంకో నాలుగింతలు చేస్తాయి.

మందు చాలా చిన్నది. ఎన్‌టీకోర్ వాళ్ల '4జీబీ ప్యాచ్' అనే ఉచిత టూల్. ఈ రివ్యూలో నేను పూర్తి మార్కులు వేసేది దీనికే. ఈఎక్స్‌ఈ ఫైల్ తలభాగంలో 'లార్జ్ అడ్రస్ అవేర్' అని ఒక గుర్తు ఉంటుంది. అంటే, 2 జీబీ కంటే పై చిరునామాలు ఇచ్చినా నేను వాడుకోగలను అని ప్రోగ్రామ్ విండోస్‌కి చెప్పుకోవడం. ఈ టూల్ ఆ ఒక్క గుర్తు పెడుతుంది, అంతే. 64 బిట్ విండోస్ ఆ గుర్తు చూసి 4 జీబీ మొత్తం ఇచ్చేస్తుంది. టూల్ తెరవగానే ఏ ఫైల్ అని అడుగుతుంది, ఆట ఫోల్డర్‌లోని ఈఎక్స్‌ఈ చూపిస్తే క్షణంలో పని అయిపోతుంది. పాత ఫైల్ కాపీ కూడా పక్కనే ఉంచుతుంది. ఇన్‌స్టాల్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ప్రకటనలు లేవు. మెడీవల్2, కింగ్‌డమ్స్ రెండు ఈఎక్స్‌ఈలకీ చేయండి, ఎందుకంటే ఏ మాడ్ దేన్ని నడుపుతుందో మనకు గుర్తుండదు. కొన్ని పెద్ద మాడ్‌ల ఇన్‌స్టాలర్లు ఈ పని వాటంతట అవే చేస్తాయి, ముందు రీడ్‌మీ (మాడ్‌తో వచ్చే సూచనల ఫైల్) చూడండి. డౌన్‌లోడ్ మాత్రం ఎన్‌టీకోర్ సైట్ నుంచే. ఈఎక్స్‌ఈలను మార్చే టూల్ కాబట్టి ఎక్కడపడితే అక్కడి నుంచి దించుకోవడం మంచిది కాదు.

ఆ తర్వాత అదే సేవ్, అదే ముట్టడి. అంకె 1.8 దాటింది, 2 దాటింది, 2.4 మీద నిలబడింది. గోడ మీద యుద్ధం చివరిదాకా నడిచింది. రూపాయి ఖర్చు లేకుండా.

ఒక జాగ్రత్త. స్టీమ్‌లో ఆట ఫైళ్లను సరిచూసే 'వెరిఫై ఇంటిగ్రిటీ' నొక్కితే మారిన ఈఎక్స్‌ఈని తీసేసి అసలుది తెచ్చి పెడుతుంది. ప్యాచ్ పోతుంది. క్రాష్ వస్తే ముందు వెరిఫై చేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. చేయండి, తప్పు లేదు, కానీ చేశాక 4జీబీ ప్యాచ్ మళ్లీ వేయాలి.

రెండో క్రాష్‌కి ఈ ప్యాచ్ ఏమీ చేయలేకపోయింది. చేయదు కూడా, ఎందుకంటే అక్కడ కొరత మెమరీది కాదు. ఇది నేను పెద్ద మాడ్ మీద వేసుకున్న ఒక చిన్న సబ్‌మాడ్‌తో వచ్చింది. పేరు చెప్పను, పాపం ఒక్కరే కూర్చుని చేసింది, కిరాయి సైనికుల కొత్త దళాలు కలుపుతుంది. ఇక్కడ నాకు దారి చూపించింది ఒక చిన్న తేడా. అదే యుద్ధాన్ని ఆటోరిజాల్వ్ చేస్తే, అంటే ఫలితం లెక్కించడం కంప్యూటర్‌కే వదిలేస్తే, ఏమీ కాలేదు. ఫలితం వచ్చింది, టర్న్ ముందుకు పోయింది. స్వయంగా యుద్ధానికి దిగితేనే క్రాష్. అంటే ఆ దళం అంకెలు, ఖర్చు, బలం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాన్ని తెర మీద బొమ్మగా నిలబెట్టేటప్పుడే ఏదో దొరకడం లేదు. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన ఫైళ్లలో ముప్పావు వంతు పక్కన పెట్టేయొచ్చు.

ఆట ఏం జరిగిందో రాసిపెడుతుంది, మనం అడిగితే. మాడ్ ఫోల్డర్‌లో సీఎఫ్‌జీ ఫైల్ (సెట్టింగ్‌లు రాసి ఉండేది) ఉంటుంది, నోట్‌ప్యాడ్‌తో తెరవండి. లాగ్ అనే విభాగంలో లెవెల్‌ను ఎర్రర్ నుంచి ట్రేస్‌కి మార్చండి. ఆ విభాగమే లేకపోతే కలపండి. అప్పటి నుంచి లాగ్స్ ఫోల్డర్‌లోని సిస్టమ్ లాగ్‌లో ఏ ఫైల్ తెరిచింది, ఏది దొరకలేదు అన్నది వరుసగా పడుతుంది. క్రాష్ అయ్యాక చివరి వరుసల నుంచి పైకి చదవాలి. ఒక హెచ్చరిక. ఈ లాగ్‌లో ఎర్రర్ అని కనబడ్డ ప్రతిదానికీ టెన్షన్ పడొద్దు. చక్కగా నడిచే మాడ్‌లో కూడా వందల ఎర్రర్లు ఉంటాయి. ఆట వాటిని పట్టించుకోకుండా సాగిపోతుంది. క్రాష్‌కి ఆనుకుని ఉన్నవే మనకు కావాలి. పని అయిపోగానే లెవెల్ మళ్లీ ఎర్రర్‌కి మార్చేయండి, లేకపోతే ఫైల్ ఊబకాయంలా పెరిగి ఆట నెమ్మదిస్తుంది.

నా లాగ్ చివర్లో ఒక ఈటెల దళం తాలూకు మెష్ ఫైల్ దొరకలేదని ఉంది. మెష్ అంటే సైనికుడి ఆకారం. ఖాయం చేసుకోవడానికి కస్టమ్ బ్యాటిల్‌లోకి, అంటే కావలసిన దళాలతో విడిగా ఒక్క యుద్ధమే ఆడే చోటికి వెళ్లాను. ఇటు ఒక మామూలు దళం, అటు అనుమానం ఉన్న కిరాయి దళం ఒక్కటే, గడ్డి మైదానం, ఇంకేమీ లేదు. మిగతా కొత్త దళాలు ఒక్కొక్కటీ నిలబడ్డాయి. ఈ ఈటెలవాళ్లు మాత్రం లోడింగ్‌లోనే పడగొట్టారు. అనుమానం ఉన్న దళాన్ని ఇలా ఒంటరిగా నిలబెట్టి చూడటం కంటే మంచి పరీక్ష లేదు. క్యాంపెయిన్‌లో, అంటే మ్యాప్ మీద సాగే అసలు ఆటలో, అదే సైన్యం దాకా రావడానికి గంటలు పడుతుంది.

ఫోల్డర్ తెరిస్తే మెష్ ఫైల్ ఉంది. పేరులో ఒక అండర్‌స్కోర్ ఎక్కువ ఉంది, అంతే. ఏ దళానికి ఏ మెష్ వాడాలో చెప్పే మోడల్‌డీబీ ఫైల్‌లో రాసిన పేరుకీ, ఫోల్డర్‌లోని పేరుకీ ఆ ఒక్క గీత తేడా.

ఇక్కడ ఆగండి. చాలామంది వెంటనే మోడల్‌డీబీ తెరిచి అందులో పేరు దిద్దుతారు. ఆ తర్వాత ఆట అసలు మొదలే కాదు. ఎందుకంటే 'బ్యాటిల్ మోడల్స్ డాట్ మోడల్‌డీబీ' మామూలు టెక్స్ట్ ఫైల్‌లా కనిపించినా అందులో ప్రతి పేరుకి ముందు ఒక అంకె ఉంటుంది. ఆ పేరులో ఎన్ని అక్షరాలున్నాయో ఆ అంకె. ఫైల్ మొట్టమొదటి వరుసలోనే చూడొచ్చు: 22 అని ఉండి, తర్వాత 'సీరియలైజేషన్', రెండు కోలన్లు, 'ఆర్కైవ్' అని ఇంగ్లిష్‌లో ఉంటుంది. లెక్కపెట్టండి, 13 అక్షరాలు, 2 కోలన్లు, 7 అక్షరాలు, మొత్తం 22. ఆట అంకె చదివి, సరిగ్గా అన్ని అక్షరాలు తీసుకుని, తర్వాతి దానికి వెళ్తుంది. పేరులో ఒక అక్షరం పెంచి అంకె మార్చకపోతే అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక అడుగు పక్కకు జరిగిపోతాయి. చుక్క, ఏటవాలు గీత, అండర్‌స్కోర్ అన్నీ లెక్కలోకే వస్తాయి. ఒక్క ఖాళీ కూడా ఎక్కువ కాకూడదు.

అందుకే నేను మోడల్‌డీబీ జోలికి పోలేదు. ఫోల్డర్‌లోని మెష్ ఫైల్‌కే పేరు మార్చాను, ఆ అండర్‌స్కోర్ తీసేసి. ఈటెలవాళ్లు గడ్డి మైదానంలో నిలబడ్డారు. పాత సేవ్ తెరిస్తే అక్కడా నిలబడ్డారు. మీకు ఇలాంటి తేడా కనిపిస్తే ఫైల్ పేరే మార్చండి, లేదా ఆ పేరుతో ఇంకో కాపీ చేసి పెట్టండి. మోడల్‌డీబీలో వేలు పెట్టక తప్పనప్పుడు ముందు కాపీ తీసుకుని, ఒకసారికి ఒకే మార్పు చేసి, ప్రతి మార్పు తర్వాత ఆట తెరిచి చూసుకోండి. సైనికులు వెండి విగ్రహాల్లా మెరుస్తూ కనిపిస్తే అది వేరే సంగతి: ఆకారం దొరికింది, దానికి వేయాల్సిన టెక్స్చర్ దొరకలేదు. చూడ్డానికి ఇబ్బందే కానీ ఆట పడిపోదు.

మిగతావి గబగబా చెప్తాను. ఆటను సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు. మాడ్ తన ఫైళ్లు రాసుకోబోతే విండోస్ అనుమతి దగ్గర అడ్డం పడుతుంది. స్టీమ్‌లో డి డ్రైవ్ మీద ఇంకో లైబ్రరీ పెట్టి అక్కడికి మార్చండి. మ్యాప్‌కి సంబంధించిన సబ్‌మాడ్ వేశాక క్యాంపెయిన్ తెరుచుకోకపోతే, మాడ్ డేటాలో వరల్డ్, మ్యాప్స్, బేస్ ఫోల్డర్‌లోని మ్యాప్ డాట్ ఆర్‌డబ్ల్యూఎం ఫైల్ తీసేయండి, ఆట కొత్తది తయారుచేసుకుంటుంది. క్యాంపెయిన్ ఆరంభ పరిస్థితి రాసి ఉండే డిస్క్రిప్ స్ట్రాట్ ఫైల్ మారితే కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టాల్సిందే, పాత సేవ్‌లో ఆ మార్పు రాదు. 4జీబీ ప్యాచ్ వేశాక కూడా పెద్ద ముట్టడుల్లో ఇబ్బందైతే యూనిట్ సైజ్ (ఒక్కో దళంలో సైనికుల సంఖ్య) హ్యూజ్ నుంచి లార్జ్‌కి తగ్గించండి. సైనికులు తగ్గుతారు, యుద్ధం రుచి తగ్గదు.

టర్న్ ఎండ్ నొక్కాక అదే టర్న్‌లో పదే పదే పడిపోయే క్రాష్‌లు కొందరికి వస్తాయి. తెర మీద ఎవరి వంతు నడుస్తోందో ఆ రాజ్యం గుర్తు చూసి ఉంచుకోండి. ఒక టర్న్ వెనక్కి వెళ్లి, ఆ రాజ్యం దగ్గర మీరు చేసే పనులు కొంచెం మార్చి చూస్తే ఒక్కోసారి దాటిపోతుంది. కారణం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి ట్రేస్ లాగ్ తీసుకుని మాడ్ చేసినవాళ్లకు పంపండి. 'మీ మాడ్ క్రాష్ అవుతోంది' అని ఒక ముక్క రాస్తే వాళ్లేం చేస్తారు? ఏ వెర్షన్, ఏ టర్న్, ఏ సబ్‌మాడ్‌లు, లాగ్ చివరి వరుసలు, ఆ సేవ్ ఫైల్, ఇవన్నీ ఇస్తే జవాబు వస్తుంది. నాకు వచ్చింది.

ఆటలో లోపాలు లేవని కాదు. ముట్టడిలో దళాలు గోడ తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కుపోతాయి. నిచ్చెన ఎక్కమంటే సగంమంది కింద నిలబడి చూస్తారు. దౌత్యం బలహీనం, స్నేహం చేసిన రాజ్యమే మరుసటి టర్న్‌లో ఓడలతో రేవు మూసేస్తుంది. ఇవి మాడ్‌లతో కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఇంజిన్ హద్దులనే పెంచే ప్రయత్నం 'ఇంజిన్ ఓవర్‌హాల్ ప్రాజెక్ట్' పేరుతో ఓపెన్ సోర్స్‌లో జరుగుతోంది. ఇంత పాత ఆట కోసం కొత్తవాళ్లు ఇంకా పనిచేస్తున్నారన్నదే నాకు పెద్ద ధైర్యం. ఫోన్‌లో ఆడదామనుకునేవాళ్లకు 2022లో ఫెరల్ అనే కంపెనీ తెచ్చిన మొబైల్ వెర్షన్ ఉంది. ఇక్కడ చెప్పిన మాడ్‌ల కోసమైతే కంప్యూటరే కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక పెద్ద మాడ్ మాత్రమే వేసి, 4జీబీ ప్యాచ్ పెట్టి, ఒక క్యాంపెయిన్ కొంతదూరం ఆడండి. అది నిలబడ్డాకే సబ్‌మాడ్‌లు, అవీ ఒక్కొక్కటిగా. సబ్‌మాడ్ వేయబోయే ముందు మాడ్ ఫోల్డర్ మొత్తం ఇంకోచోట కాపీ చేసి ఉంచండి. సబ్‌మాడ్‌లు చేసే మిత్రులకు ఒక విన్నపం: మీరు ఏయే ఫైళ్లు మార్చారో రీడ్‌మీలో వరుసగా రాసిపెట్టండి. ఆ పట్టిక ఉండి ఉంటే ఆ ఈటెలవాళ్ల సంగతి పది నిమిషాల్లో తేలిపోయేది.